అంబాసిడర్ ఇంజన్ ముందు నుంచి ఆయిల్ కారుతోందా? ఇంజన్ దింపకుండా టైమింగ్ కవర్ సంగతి చూద్దాం

వీడియో చూసే టైమ్ లేక ఈ టెక్స్ట్ చదువుకునేవాళ్ళు చాలామంది ఉన్నారని తెలుసు. అందుకే కెమెరాకి చూపించేవన్నీ ఈసారి నోటితో కూడా చెప్పేస్తాను. చదివినా పని అర్థమవ్వాలి.

ఈ రోజు మన ముందున్నది 1984 మోడల్ అంబాసిడర్, మార్క్ ఫోర్, పెట్రోల్. తెనాలిలో మా బాబాయి వాళ్ళ కారు. రేటు కట్టడానికి పాత ఇనుము కొనే ఆయన ఆదివారం వస్తానన్నాడు. ఎందుకంటే ఒక గ్యారేజీలో చూపిస్తే, "ముందు సీల్ పోయిందండీ, ఇంజన్ దింపాలి, 35 వేలు అవుతుంది" అన్నారట. కారుని తూకానికి అమ్మితే 30 వేలు దాకా వస్తుంది. బాబాయి లెక్కల మాస్టారు, మిగతాది మీరే ఊహించుకోండి. నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, వచ్చి ఓసారి ఫొటోలు తీసుకుని పోరా, తాతయ్య కారు కదా" అన్నాడు. నేను ఫొటోలు తీసుకోవడానికి కాకుండా పానాల పెట్టె వేసుకుని వెళ్ళాను. అది గురువారం. చేతిలో మూడు రోజులున్నాయి.

ముందు ఒక మాట క్లియర్‌గా చెప్పేస్తా. ఈ ఇంజన్‌లో టైమింగ్ కవర్ మార్చడానికి ఇంజన్ దింపక్కర్లేదు. ఆయిల్ సంప్ కూడా విప్పక్కర్లేదు. రేడియేటర్ పక్కకి తీస్తే చాలు. చాలా ఇంజన్లలో కవర్ అడుగు అంచు సంప్ మీద కూర్చుంటుంది, అక్కడ సంప్ కదపక తప్పదు. ఇందులో కవర్ ఇంజన్ ముందుండే రేకు ప్లేటు మీద కూర్చుంటుంది. ఈ ఒక్క విషయం తెలిస్తే 35 వేల మాట అక్కడే ఆగిపోతుంది.

ఇది ఎలా తెలుసంటారా? అంబాసిడర్ అంటే ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ. దాని 1489 సీసీ ఇంజన్ బీఎంసీ కంపెనీ బీ-సిరీస్. ఎంజీఏ, ఎంజీబీ అని స్పోర్ట్స్ కార్లున్నాయి కదా, వాటిలో ఉన్నదీ ఇదే కుటుంబం. ఎంజీఏ అయితే మొదట్లో ఇదే 1489 సీసీ. కాబట్టి మన ఊరి అంబాసిడర్‌కి ఎంజీబీ మాన్యువల్ చాలావరకు పనికొస్తుంది. పెళ్ళిళ్ళకి తిరిగిన తెల్ల కారు, లండన్ కుర్రాళ్ళు టాప్ తీసి తిరిగే ఎర్ర కారు, రెండూ కజిన్స్ అన్నమాట. ఒక్క జాగ్రత్త. తర్వాత వచ్చిన 1.8 ఇసుజు ఇంజన్ అంబాసిడర్లకి ఈ ఎపిసోడ్ వర్తించదు, అది వేరే ఇంజన్.

సరే, ఈ టైమింగ్ కవర్ ఏం చేస్తుంది? కింద క్రాంక్‌షాఫ్ట్ తిరుగుతుంది, అది పిస్టన్లది. పక్కన క్యామ్‌షాఫ్ట్ తిరుగుతుంది, అది వాల్వులది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి, తేడా రాకూడదు. ఈ రెండింటినీ కలిపేది ఇంజన్ ముందున్న చెయిన్. మారుతి 800 లాంటి వాటిలో చెయిన్ బదులు బెల్టు ఉంటుంది, అది పొడిగా తిరుగుతుంది. దాని మీద మూత ఉండేది దుమ్ము పడకుండానే. ఇక్కడ అలా కాదు. చెయిన్ ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది, ఆ ఆయిల్‌ని లోపల ఆపే గోడ ఈ రేకు కవర్. ఆ గోడకి మధ్యలో ఒక కంత ఉంటుంది, క్రాంక్ పుల్లీ దాన్లోంచి బయటికి రావాలి కదా. ఆ కంతలో ఉండేదే ఆయిల్ సీల్. ఇంజన్ 3000 ఆర్‌పీఎం మీద ఉంటే సెకనుకి 50 సార్లు ఆ పుల్లీ సీల్ పెదవిని రాసుకుంటూ తిరుగుతుంది. నలభై ఏళ్ళ రబ్బర్ గట్టిపడి ప్లాస్టిక్ ముక్కలా అయిపోతే కారక ఏం చేస్తుంది?

అయితే కారితే ఏమవుతుంది, నెలకో లీటర్ పోసుకుంటే సరిపోదా అని కొంతమంది అంటారు. ఆ ఆయిల్ ఫ్యాన్ బెల్ట్ మీద పడుతుంది. బెల్ట్ జారుతుంది. ఆ బెల్టే వాటర్ పంపుని తిప్పాలి, ఛార్జింగ్ చెయ్యాలి. మే నెలలో గుంటూరు రోడ్డు మీద వాటర్ పంపు సరిగ్గా తిరగకపోతే హెడ్ ప్యాకింగ్ పోతుంది. అంతవరకూ వస్తే అప్పుడు నిజంగానే పెద్ద ఖర్చు.

ఇక పని. పానా పట్టేముందు డీబగ్గింగ్. నేను నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో చేసింది ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను, తిట్టుకోకండి. ఇంజన్ ముందంతా నల్లగా ఉంటే అది సీల్ నుంచే వస్తోందని ఎవరు చెప్పారు? పైన రాకర్ కవర్ ప్యాకింగ్ నుంచి కారినా ఇలాగే కిందకి దిగుతుంది. అదీకాక ఫ్యాన్ గాలి ఆయిల్‌ని వెనక్కి కొడుతుంది, అంటే ముందు లీక్ వెనక లీక్‌లా కనబడుతుంది. కాబట్టి చల్లారిన ఇంజన్‌ని కిరోసిన్, బ్రష్షుతో కడగండి. ఆరనివ్వండి. తర్వాత టాల్కమ్ పౌడర్ తీసుకుని కవర్ చుట్టూ చల్లండి. పది నిమిషాలు ఇంజన్ నడిపి, ఆపేసి, అప్పుడు టార్చి వెయ్యండి. ఫ్యాన్ తిరుగుతుండగా మొహం పెట్టొద్దు, చున్నీలు, ట్యాగులు, పొడుగు చేతుల చొక్కాలు దూరంగా. తెల్ల పౌడర్‌లో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఎక్కడ తడి కనబడిందో అదే మూలం. మన కారులో పుల్లీ వెనక చంద్రవంకలా తడి వచ్చింది, కవర్ అడుగున ఎడమవైపు అంచు దగ్గర ఇంకొంచెం. అంటే సీల్ ఒకటి, ప్యాకింగ్ ఒకటి.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. సీల్ తనంతట తను అరిగిందా, లేక లోపల్నుంచి ఎవరైనా తోస్తున్నారా? పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాస్ ఎప్పుడూ కిందకి దిగుతుంది. అది బయటికి పోవడానికి ఇంజన్ పక్కన టాపెట్ కవర్ నుంచి ఒక బ్రీతర్ పైపు ఉంటుంది. రాకర్ కవర్ నుంచి ఎయిర్ ఫిల్టర్‌కి ఇంకో రబ్బర్ పైపు. ఈ దారులు మూసుకుపోతే ప్రెషర్ లోపలే ఉండిపోయి, ఎక్కడ సీల్ మెత్తగా ఉంటే అక్కడ ఆయిల్‌ని బయటికి తోస్తుంది. ఇది చూడకుండా కొత్త సీల్ వేస్తే రెండు నెలల్లో మళ్ళీ మొదటికొస్తుంది, సీల్ డూప్లికేట్ అని షాపువాణ్ణి తిడతాం. బాబాయి కారు బ్రీతర్ పైపు విప్పితే లోపల నల్లటి జిడ్డు, మధ్యలో కందిరీగ గూడు. నిజంగానే కందిరీగ గూడు, మట్టితో నీట్‌గా కట్టుకుంది. కారు ఎనిమిది నెలలుగా షెడ్డులో కదలకుండా ఉంది మరి. పైపు కడిగి, నోటితో ఊది, గాలి ఆడుతోందని చూశాకే ముందుకి వెళ్ళాం. ఆయిల్ పోసే మూత తీసి ఇంజన్ నడిపితే పొగ ఉధృతంగా కొట్టలేదు. అంటే రింగులు ఇంకా బతికే ఉన్నాయి. ఇది చూసి బాబాయి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

విప్పడం తేలిక. బ్యాటరీ వైరు తీసెయ్యండి. రేడియేటర్ నీళ్ళు బకెట్‌లోకి దించండి. కూలెంట్ ఉంటే నేల మీద వదలొద్దు, అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే చచ్చిపోతాయి. హోస్ పైపులు, రేడియేటర్, ఫ్యాన్ బెల్ట్, ఫ్యాన్. అంబాసిడర్ బానెట్ కింద ఇంత ఖాళీ ఉంటుందని ఇప్పటి కార్లు చూసినవాళ్ళు నమ్మరు, ఇద్దరం చేతులు పెట్టినా ఒకరికొకరు తగల్లేదు. ఇంకో సంగతి, ఇందులో చాలా బోల్టులు అంగుళాల సైజు. మెట్రిక్ పానా దాదాపు పడుతుంది, ఆ 'దాదాపు'తోనే బోల్టు తలలు గుండ్రంగా అయిపోతాయి. అంగుళాల సెట్టు తెచ్చుకోండి. బెజవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్‌వి దొరుకుతాయి.

అసలు కుస్తీ పుల్లీ నట్ దగ్గర. ముందు పళ్ళున్న పెద్ద నట్ ఉంటుంది. పాత సినిమాల్లో ముందు హ్యాండిల్ పెట్టి తిప్పి కారు స్టార్ట్ చేస్తారే, ఆ హ్యాండిల్ పట్టుకునేది ఈ పళ్ళనే. దాని వెనక లాక్ వాషర్, దాని అంచు నట్ మీదకి మడిచి ఉంటుంది. ముందు ఆ మడతని ఉలితో వెనక్కి కొట్టాలి. అది మర్చిపోయి రాడ్డు వేసి లాగేవాళ్ళు ఉన్నారు. తర్వాత కారు టాప్ గేర్‌లో వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, ఒకరు లోపల కూర్చుని బ్రేక్ తొక్కి పట్టుకోవాలి. అప్పుడు నట్‌ని మామూలు దారిలోనే, ఎడమవైపుకి విప్పాలి. పిన్ని బ్రేక్ మీద కూర్చుంది, "ఇంకా ఎంతసేపురా, పొయ్యి మీద పప్పుంది" అంటూనే గట్టిగా తొక్కింది. మూడు అడుగుల పైపు వేస్తే రెండో లాగుకి కిర్రుమంది. స్టార్టర్ కొట్టి నట్ వదిలించే చిట్కా ఒకటి యూట్యూబ్‌లో తిరుగుతోంది. రాడ్డు జారితే చెయ్యి ఉండదు. మన దగ్గర ఆ చిట్కా వద్దు.

పుల్లీని రెండువైపులా కొద్దికొద్దిగా లేపాలి. ఒకే పక్క తన్నితే వంకర పోతుంది. క్రాంక్ మీద చిన్న కీ ఉంటుంది, పడిపోకుండా చూసుకోండి. తర్వాత కవర్ బోల్టులు. రెండు సైజులుంటాయి, వాషర్లు కూడా వేరు వేరు. ఒక అట్టముక్క మీద కవర్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టాం. ఫోన్‌లో ఫొటో తీసినా సరే, నాకైతే అట్టే నచ్చుతుంది, దానికి ఛార్జింగ్ అక్కర్లేదు.

కవర్ తీశాక చెయిన్ కనబడుతుంది. రెండు పళ్ళ చక్రాలు, వాటి మీద చెయిన్. ఇక్కడ భయపడకండి. కవర్ తీసినంత మాత్రాన టైమింగ్ మారదు, చెయిన్ చక్రాల మీదే ఉంది కదా. దాన్ని విప్పనంతవరకు ఏమీ కాదు. కానీ ఇంతదూరం వచ్చాం కాబట్టి చెయిన్ సాగిందేమో, టెన్షనర్ రబ్బర్ ముఖం మీద లోతుగా గీతలు పడ్డాయేమో చూడాలి. బాబాయి కారులో గీతలున్నాయి గానీ లోతు లేదు. ఉంచేశాం.

ఇప్పుడు ఎవరూ చెప్పని ఒక చిన్న రేకు గురించి. క్రాంక్ చక్రం ముందు పళ్ళెంలాంటి వాషర్ ఒకటి ఉంటుంది, ఆయిల్ త్రోయర్ అంటారు. ఆయిల్‌ని సీల్ దాకా రాకుండా చుట్టూ విసిరికొట్టడం దాని డ్యూటీ. పాత కవర్లలో రబ్బర్ సీల్ ఉండదు, ఫెల్ట్ అనే ఉన్ని రింగు ఉంటుంది. తర్వాతి కవర్లలో రబ్బర్ సీల్ వచ్చింది. త్రోయర్ కూడా దానితోపాటే మారింది. పాతదైతే పళ్ళెం గుంట ఉన్న ముఖం ఇంజన్‌కి అవతలివైపు, అంటే మనవైపు ఉండాలి. కొత్త రకమైతే దాని మీద 'ఎఫ్' అక్షరం కొట్టి ఉంటుంది, ఆ అక్షరం ముందుకి కనబడాలి. కవర్ ఒక కారుది, త్రోయర్ ఇంకో కారుది కలపకూడదు, అవి జత. మన కారులో ఎఫ్ అక్షరం ఇంజన్‌వైపు తిరిగి ఉంది! ఎప్పుడో ఎవరో తిరగేసి పెట్టారు. బాబాయి కళ్ళజోడు పెట్టుకుని దాన్ని చేతిలోకి తీసుకుని, "అంటే ఇన్నేళ్ళూ ఈ పళ్ళెం ఆయిల్‌ని ఆపకుండా వడ్డించిందన్నమాట" అన్నాడు.

పాత కవర్‌ని టేబుల్ అద్దం మీద బోర్లా పెట్టి చూశాం. నాలుగు చోట్ల కింద వెలుతురు కనబడింది. ఇది రేకు కవర్, బోల్టు ఎక్కువ బిగిస్తే ఆ కంత చుట్టూ రేకు లోపలికి గుంటపడుతుంది, రెండు బోల్టుల మధ్య పైకి లేస్తుంది. అక్కడినుంచే కారుతుంది. కొంచెం వంకరైతే చెక్క దిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో సరిచేసుకోవచ్చు. మనదానికి సీల్ కూర్చునే గిన్నె కూడా పగిలింది, ఎవరో ఉలి వాడినట్టున్నారు. అందుకే కవరే మార్చాం. శుక్రవారం ఆటోనగర్ వెళ్ళి మూడు షాపులు తిరిగాం. మూడో షాపాయన పైనుంచి ఒక పాత కవర్ దించాడు, దుమ్ము తుడిస్తే రేకు చదునుగా ఉంది, రబ్బర్ సీల్ రకమే. 600 ఇచ్చాం. సీల్, లాక్ వాషర్, ప్యాకింగ్ పేపర్, ఫ్యాన్ బెల్ట్ కలిపి ఇంకో 900.

పుల్లీని మాత్రం వదిలెయ్యకండి. సీల్ రాసుకునే చోట గోరు పెట్టి చూడండి. గోరు తట్టుకునేంత గాడి పడితే కొత్త సీల్ వేసినా దండగ, ఆ గాడిలోంచే కారుతుంది. లేత్ షాపులో పల్చటి స్లీవ్ తొడిగించుకోవచ్చు. లేదంటే సీల్‌ని కవర్‌లో కొంచెం లోపలికో బయటికో కూర్చోబెడితే పెదవి గాడి పక్కన నున్నటి చోట పడుతుంది. మన పుల్లీ మీద గీత ఉంది గానీ గోరు తట్టలేదు. సన్న ఉప్పు కాగితం నూనెలో ముంచి గుండ్రంగా రుద్దితే సరిపోయింది. అడ్డంగా రుద్దొద్దు, ఆ గీతలే ఆయిల్‌కి కాలవలవుతాయి.

బిగించేటప్పుడు సీల్ స్ప్రింగ్ ఉన్న ముఖం లోపలికి, ఆయిల్‌వైపు. చెక్కముక్క పెట్టి చుట్టూ సమానంగా కొట్టాలి. పెదవికి ఇంజన్ ఆయిల్ రాయాలి, పొడిగా తిప్పితే మొదటి నిమిషంలోనే కాలిపోతుంది. ఫెల్ట్ రకమైతే ముందే ఆయిల్‌లో నానబెట్టాలి. ప్లేటు మీద పాత ప్యాకింగ్ ముక్క ఒక్కటి కూడా మిగలకుండా గీకెయ్యండి. గీకేముందు చెయిన్ కింద గుడ్డ కుక్కండి, పొట్టు సంప్‌లోకి పడకూడదు. కొత్త ప్యాకింగ్‌కి పల్చగా గ్రీజు రాస్తే చాలు. సిలికాన్ గొట్టం పిండి ఒత్తుగా పెట్టేవాళ్ళకి ఒక ప్రశ్న. బిగించగానే సగం బయటికి వస్తుంది, అది కనబడుతుంది. మిగతా సగం ఎక్కడికి పోయింది? లోపలికి. అది ఊడి సంప్‌లో పడి ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడితే ఇంజన్ మొత్తం పోతుంది.

ఇక అన్నిటికంటే కీలకమైన స్టెప్. కవర్ బోల్టుల కంతలు కొంచెం వదులుగా ఉంటాయి, అంటే కవర్ అటూ ఇటూ ఒక వెంట్రుకవాసి జరుగుతుంది. ముందే బిగించేస్తే సీల్ పుల్లీకి సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్క నొక్కుకుని, ఇంకో పక్క వదులైపోతుంది. కాబట్టి బోల్టులన్నీ వేళ్ళతో మాత్రమే తిప్పండి. పుల్లీకి ఆయిల్ రాసి, మెల్లగా తిప్పుతూ సీల్‌లోంచి తోసి, కీ గాడి కలిపి లోపలికి నెట్టండి. ఇప్పుడు పుల్లీయే కవర్‌ని మధ్యకి తెచ్చుకుంటుంది. అప్పుడు బోల్టులు ఒకదానికొకటి ఎదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ఎంజీబీ మాన్యువల్ లెక్క ప్రకారం పావు అంగుళం బోల్టులకి 6 పౌండ్-అడుగులు, అంటే సుమారు 8 న్యూటన్ మీటర్లు. 5/16 అంగుళం వాటికి 14, అంటే 19 న్యూటన్ మీటర్లు. ఎంత తక్కువో చూడండి. మణికట్టు బలం చాలు, భుజం బలం వద్దు. పుల్లీ నట్ మాత్రం 70, సుమారు 95 న్యూటన్ మీటర్లు. కొత్త లాక్ వాషర్ మడవడం మర్చిపోవద్దు. ఫ్యాన్ బెల్ట్ పొడుగు వైపు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి.

శనివారం సాయంత్రం నాలుగింటికి స్టార్ట్ చేశాం. చోక్ లాగి, రెండో సెల్ఫ్‌కి అందుకుంది. పౌడర్ మళ్ళీ చల్లాం. పది నిమిషాలకి పొడిగానే ఉంది. దుగ్గిరాల దాకా వెళ్ళి వచ్చి, రాత్రంతా కింద న్యూస్ పేపర్ పరిచాం. పొద్దున్నే చూస్తే ముందు వైపు ఒక్క చుక్క లేదు. గేర్‌బాక్స్ దగ్గర మాత్రం రూపాయి బిళ్ళంత మరక. అది వేరే కథ. ఈ మూడు బేరింగుల ఇంజన్‌కి క్రాంక్ వెనక రబ్బర్ సీలే ఉండదు, ఆయిల్‌ని వెనక్కి తోసే మరలాంటి గాడి మాత్రమే ఉంటుంది. కాబట్టి వెనక కొంచెం చెమర్చడం దాని పుట్టుక లక్షణం.

ఆదివారం పదకొండింటికి పాత ఇనుము ఆయన ట్రాలీతో వచ్చాడు. బాబాయి ఆయనకి మజ్జిగ ఇచ్చి, పగిలిన పాత కవర్, గట్టిపడిన సీల్, అరిగిన బెల్ట్ చేతిలో పెట్టాడు. ఆయన కవర్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "మాస్టారూ, దీనికి ఎంతని ఇమ్మంటారు?" అన్నాడు. ఆర్సీ 2024లో రెన్యువల్ అయింది, ఐదువేల ఫీజు కట్టి మరీ చేయించారు, 2029 దాకా పేపర్లకి ఢోకా లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో ఇదే కారు కార్బొరేటర్. ఐడిల్‌లో ఎందుకు ఊగుతోందో చూద్దాం. మీ ఇంట్లో అంబాసిడర్ ఉంటే, త్రోయర్ ఎటు తిరిగి ఉందో చూసినప్పుడు ఫొటో పంపండి. ఉంటాను మరి.